పేరు కౌలు: శునకవిహారము, పానశాల పెట్టుటకగు ఖర్చు



నేటి ప్రసంగవిషయము వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చును. కుక్కలు గొలుసు లేక స్వేచ్ఛగా తిరుగుటకు కంచె వేసిన తోట యొకటి. ఆ తోటలోనే, కుక్కలను వెంటబెట్టుకొని వచ్చిన యజమానులు కూర్చుండి మద్యము సేవించుటకు బారు ఒకటి. ఈ రెంటిని కలిపి ఒక్క వ్యాపారముగా నడుపుట; అదియు సొంత పేరుతో గాక మరియొకరి పేరును, మరియొకరి పద్ధతిని ధనమిచ్చి తెచ్చుకొని నడుపుట. దీని కెంత ఖర్చగునో విచారింపవలెనని నా సంకల్పము. నవ్వి యూరకుండుటకు వీలులేని విషయమని మనవి చేయుచున్నాను. ఏలనన, ఈ వ్యాపారమునకు వలయు మూలధనము పట్టణములందలి ధనికుల పెట్టెలలో నుండి గాక, పల్లెలలోని పట్టాదారు పాసుపుస్తకములలో నుండి రాబోవు సూచనలు కనబడుచున్నవి.

ముందుగా ఆ పేరు తెచ్చుకొనుట యననేమో చెప్పెదను. దానిని ఫ్రాంచైజీ యందురు. నేను మాత్రము దీనిని ‘పేరు కౌలు’ అని వ్యవహరించెదను. మనకు కౌలు తెలియని విషయము గాదు. మన వైపు కోరుకు చేయువారును, గుత్తకు చేయువారును గలరు. కోరునందు పంట పండిన యెడల భాగమిచ్చుట, పండనిచో ఇరువురును నష్టపోవుట. గుత్తయందు పండినను పండకున్నను ఒప్పుకొన్నది ఇచ్చి తీరవలెను. పేరు కౌలులో ఈ రెండును గూడ కలిసియున్నవి. మొదట ప్రవేశపు రుసుము ఇయ్యవలెను. అది తిరిగి రాదు. తరువాత ప్రతినెల అమ్మకములపై నూటికింతయని రాయల్టీ ఇయ్యవలెను. ప్రచారనిధి యని మరికొంత. బల్లలు, కుర్చీలు, గోడల రంగు, పాత్రలు మొదలగునవి వారు చెప్పిన తీరుననే, తరచుగా వారు చెప్పిన చోటనే కొనవలెను.

ఇందు పెద్దలు గమనింపవలసినది ‘అమ్మకములపై’ అను మాట. లాభముపై గాదు. ఒక లెక్క చెప్పెదను. ఒక నెలలో 5,00,000 రూపాయల అమ్మకము జరిగినదనుకొందము. జీతములు, అద్దె, సరకు, కరెంటు అన్నియు కలిపి 5,20,000 ఖర్చయినది. అప్పటికే 20,000 నష్టము. అయినను నూటికి ఆరు చొప్పున రాయల్టీ యనుకొన్నచో 30,000 చెల్లింపవలెను. దానిపై జీఎస్‌టీ నూటికి 18 చొప్పున 5,400. వెరసి నష్టము 55,400. సాధారణముగా వర్తకులు కట్టిన జీఎస్‌టీని తాము వసూలు చేసిన పన్నులో తగ్గించుకొందురు. కాని త్రాగెడు మద్యము జీఎస్‌టీలో చేరినది కాదు గనుక, మద్యపు అమ్మకముల మేరకు ఆ తగ్గింపు లభింపదు. పంట పోయినను, పేరుగల భూస్వామి తన పుట్లు కొలిపించుకొని పోవుచున్నాడన్న మాట.

పేరు కౌలు అంతయు మోసమని నేననను. 1899లో కోకాకోలా పానీయమును సీసాలలో నింపి అమ్ముకొను హక్కును అమెరికాలో ఇద్దరు న్యాయవాదులు ఒక్క డాలరు ఒడంబడికతో సంపాదించిరి. ఆ ఒడంబడిక నుండి వేలకొలది కుటుంబములు జీవనోపాధి పొందినవి. మంచి పేరు, పరీక్షింపబడిన పద్ధతి, తక్కువ మూలధనము ఈ మూడును గలచోట కౌలు లాభించును. మన యెదుటనున్న విషయమున ఈ మూడును గలవా యనునదే ప్రశ్న.

హిందూపురమునకు పది పన్నెండు కిలోమీటర్ల దూరమున నున్న ఒక గ్రామమున డెబ్బది దాటిన రైతు ఒకరు గలరు. ఆయన పేరు చెప్పుట ధర్మము కాదు. బాటప్రక్క నాలుగెకరముల భూమి, ఒక బోరుబావి, ఏడెనిమిది చింతచెట్లు ఆయన యాస్తి. మనుమడు బెంగుళూరులో ఆరేండ్లుగా కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. మంచివాడు, దురభ్యాసములు లేనివాడు. గడచిన ఉగాదికి ఇంటికి వచ్చునపుడు రంగురంగుల పుస్తకమొకటి తెచ్చినాడు. కుక్కల తోట, బారు కలిసిన వ్యాపారమునకు పేరు కౌలుకిచ్చెదమని ఒక కంపెనీవారు అచ్చు వేయించినది. తాతగారు దానిని నా వద్దకు తెచ్చి, “అయ్యవారూ, దీంట్లో ఏముందో చదివి చెప్పు సామీ. బొమ్మలు బాగుండాయి. నా చేవ్రాలు కావల్లంటున్నాడు” అనిరి. చేవ్రాలు కోరుచున్న పుస్తకమును బొమ్మలు చూచి మూయగూడదు గనుక నేనును శ్రద్ధగా చదివితిని. ఈ ప్రసంగమునకు మూలమదియే.

కుక్క నీచజంతువను భావముతో నేను మాటలాడుట లేదు. మహాప్రస్థానమున ధర్మరాజు తనను వెంబడించిన శునకమును విడిచి స్వర్గమునకు రానని చెప్పిన కథ మీ రెరుగుదురు. భైరవునికి వాహనము శునకము. వేదమున సరమ గలదు. మన గొర్రెల కాపరులకు కుక్క సగము కూలివాడు. కాని మన కుక్కలకు ఊరంతయు విహారస్థలమే; తోట కావలెనన్న కోరిక వానికి లేదు. బహుళ అంతస్తుల ఇండ్లలో పెరుగు కుక్కలకు మాత్రమే ఆ కొరత. అట్టి కొరత తీర్చుటకు హైదరాబాదు నగరపాలక సంస్థవారు కొండాపురమున 2018లో శునకవిహారమొకటి తెరచిరి. దాని విస్తీర్ణము 1.3 ఎకరము, అయిన ఖర్చు సుమారు ఒక కోటి పది లక్షలు. అక్కడ బారు లేదు. భూమి ప్రభుత్వమువారిదే. భూమి కొనకయే అంత ఖర్చయినదని గుర్తుంచుకొనవలెను.

అంత ఖర్చెందుకగునో చూతము. ఎకరము చదరముగా నున్న యెడల చుట్టుకొలత సుమారు 835 అడుగులు. పెద్దకుక్కలను, చిన్నకుక్కలను వేరుచేయుటకు నడుమ మరియొక కంచె. వెరసి సుమారు 1,045 అడుగులు. ఎగిరి దాటకుండ ఎత్తు, త్రవ్వి పారిపోకుండ క్రింద కాంక్రీటు. ద్వారము ఒకటి చాలదు. ఒకటి మూసిన తరువాత రెండవది తెరచునట్లు జంటద్వారము లుండవలెను. ఇవియన్నియు ఒక్కసారి చేయు ఖర్చులు. పచ్చిక ఖర్చు ప్రతిదినము. కుక్కల మూత్రము పడినచోట పచ్చిక మాడిపోవును గనుక మరల మరల నాటవలెను. ఇక నీరు. ఎకరము పచ్చికను దినమునకు అర సెంటీమీటరు లోతున తడుపవలెనన్నను ఇరువది వేల లీటర్లు కావలెను. అనగా 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. దేశములోనే మిక్కిలి తక్కువ వాన కురియు ప్రాంతములలో ఒకటైన మన సీమలో, వేసవిలో బిందె నీటికి వరుసలు కట్టిన ఊళ్లను మీరెరుగుదురు. వేరుశెనగకే నీరు చాలని బోరుతో కుక్కలకు పచ్చిక పెంచుట శాస్త్రసమ్మతమా కాదా యని నేను వాదింపను. లెక్కకు మాత్రము సమ్మతము కాదు.

తోటకు పనివాండ్రు వేరు. ప్రతి కుక్కకును రేబీసు టీకా వేయించిన కాగితము చూచి లోనికి పంపువాడొకడు, కుక్కలు కలహింపకుండ చూచువాడొకడు, మలము తీసి శుభ్రము చేయువాడొకడు. కుక్క ఎవరినైన కరచినచో ఆ బాధ్యత యెవరిదని ప్రశ్న వచ్చును. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 291వ సెక్షను ప్రకారము, తన ఆధీనమందలి జంతువువలన మనుష్యులకు ప్రమాదము కలుగకుండ చూచుటలో అశ్రద్ధ చేసినవారికి ఆరునెలల వరకు ఖైదో, ఐదువేల రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. నష్టపరిహారపు దావా అది గాక వేరు. త్రాగినవాడు తోక త్రొక్కుట, తోక త్రొక్కిన కుక్క కరచుట, ఇవి యూహింపరాని సంగతులు కావు.

ఇక బారు సంగతి. ఇదే మిక్కిలి బరువైనది.

మన ప్రాంతమున మద్యపు వ్యాపారము ప్రభుత్వముల చేతిలో ఎన్నిసార్లు తలక్రిందులైనదో పెద్దలకు నేను చెప్ప నక్కరలేదు. 1937లో చెన్నరాష్ట్రమున సేలము జిల్లాలో మద్యనిషేధ మారంభమై, మరుసటి యేట చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చినది. తరువాత నిషేధము పోయినది, సారా పాటలు వచ్చినవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన యుద్యమము ఫలితముగా 1993 అక్టోబరులో సారా ఆగిపోయినది. 1995లో సంపూర్ణ నిషేధము. 1997లో అది యెత్తివేయబడినది. 2019 అక్టోబరులో మద్యపు అంగళ్లు ప్రభుత్వమువారివే యైనవి. 2024 అక్టోబరులో మరల ప్రైవేటువారి కిచ్చివేసిరి. పదియేండ్ల పేరు కౌలు వ్రాసికొన్నవాడు గడువు తీరకముందే ఇట్టి మార్పు నొకదానిని చూడవచ్చును.

2024లో జరిగిన లాటరీ లెక్క వినుడు. రాష్ట్రమంతట 3,396 అంగళ్లు. వానికై వచ్చిన దరఖాస్తులు 89,882. ఒక్కొక్క దరఖాస్తునకు తిరిగి ఇయ్యబడని రుసుము రెండు లక్షలు. హెచ్చవేసిన 1,797 కోట్ల 64 లక్షలు. అంగడి యొకటికి గెలిచిన దరఖాస్తు ఒక్కటియే గనుక, ఓడిపోయిన దరఖాస్తులు 86,486. అంగడి తలుపు తెరువకయే, ఒక్క సీసా అమ్మకయే, ఓడినవారు పోగొట్టుకొన్న సొమ్ము 1,729 కోట్ల 72 లక్షలు. మా పాఠశాలలో హెచ్చవేతలు నేర్పునపుడు ఇంత పెద్ద లెక్క నేనెన్నడును ఈయలేదు.

బారులకు వేరు విధానము. 2025 సెప్టెంబరు 1 నుండి 2028 ఆగస్టు 31 వరకు మూడేండ్లకు లాటరీ మీద ఇచ్చుటకు ప్రభుత్వమువారు నిర్ణయించిరి. దరఖాస్తు రుసుము ఐదు లక్షలు. లాటరీలో రాకున్నను తిరిగి రాదు. లైసెన్సు రుసుము ఊరి జనసంఖ్యను బట్టి: ఏబదివేల లోపు జనముగల యూరికి సంవత్సరమునకు 35 లక్షలు, ఏబదివేలు దాటి ఐదు లక్షల వరకు 55 లక్షలు, ఆపైన 75 లక్షలు. సంవత్సర సంవత్సరమునకు నూటికి పది చొప్పున పెరుగును.

2011 జనాభా లెక్కలలో హిందూపురము సుమారు లక్షన్నర, ధర్మవరము సుమారు లక్షా ఇరువది వేలు. కావున ఈ రెండును 55 లక్షల తరగతిలోనివి. పెనుకొండ నగరపంచాయతీ చిన్నది గనుక 35 లక్షల తరగతి. హిందూపురమున బారు పెట్టువాడు మొదటి యేట 55 లక్షలు, రెండవ యేట 60 లక్షల 50 వేలు, మూడవ యేట 66 లక్షల 55 వేలు, వెరసి ఒక కోటి 82 లక్షల 5 వేలు ప్రభుత్వమునకు లైసెన్సు క్రిందనే చెల్లింపవలెను. మొదటి సంవత్సరపు రుసుమును దినముల మీద పంచిన, తలుపు తీసినను తీయకున్నను రోజుకు 15,068 రూపాయలు. పెనుకొండలో 9,589 రూపాయలు.

దీనికి తోడు, శునకవిహారమునకు, కట్టడమునకు, సామగ్రికి ఒక కోటి రూపాయలు నూటికి 12 వడ్డీకి తెచ్చిరనుకొందము. వడ్డీయే సంవత్సరమునకు 12 లక్షలు, రోజుకు 3,288. హిందూపురపు లైసెన్సును దీనిని కూడినచో రోజుకు 18,356 రూపాయలు. అమ్మకమున నూటికి ఇరువది మిగులుననుకొన్నను, ఈ రెండు ఖర్చులు తీరుటకే రోజుకు సుమారు 92,000 రూపాయల అమ్మకము జరుగవలెను. జీతములు, నీరు, కరెంటు, రాయల్టీ ఇంకను ఇందులో చేరలేదు. అసలు తీర్చుట యన్నది తరువాతి మాట. బెల్లము, చింతపండు, పట్టుగూళ్లు అమ్ముకొనుటకు హిందూపురము వచ్చు రైతు కుక్కను వెంటబెట్టుకొని రాడు. ధర్మవరమున మగ్గము మీద కూర్చున్న కుటుంబము సాయంకాలము కుక్కను విహారమునకు గొనిపోయి రెండువందలు చెల్లించునని ఎవరైన చెప్పిన, వారు ధర్మవరమును చూడలేదని నా నమ్మకము.

పెనుకొండ విషయమున మనుమడు చూపిన వాదము కొంత బలమైనది. 2019 డిసెంబరులో కియా కార్ల కర్మాగారము ప్రారంభమైన తరువాత కొరియా దేశస్థులు, ఇతర ప్రాంతముల ఉద్యోగులు ఆ ప్రక్కకు వచ్చి చేరినారు. 44వ నెంబరు జాతీయరహదారి మీద హైదరాబాదు, బెంగుళూరుల నడుమ కార్లు ఎడతెగక పోవుచున్నవి. కుక్కలతో ప్రయాణము చేయువారు ఆగరా యని యాతని మాట. ఆగవచ్చును. కాని కారు నడుపువాడు ఆగి మద్యము త్రాగుట మీద ఆధారపడిన వ్యాపారమునకు న్యాయస్థానమే అడ్డు. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యము అమ్మరాదని సుప్రీంకోర్టువారు 2016 డిసెంబరులో తీర్పు చెప్పిరి. చిన్న ఊళ్లకు ఆ దూరమును తరువాత 220 మీటర్లకు తగ్గించిరి. పురపాలక పరిధులకు మినహాయింపును గూడ 2017లో వివరించిరి. కావున బాటప్రక్క స్థలమునకు విలువ యెక్కువ యని సంతోషించుటకు ముందు ఆ స్థలము ఏ పరిధిలోనున్నదో, బాటకు ఎన్ని మీటర్లున్నదో కొలిపింపవలెను.

అట్లయిన బెంగుళూరులోనే పెట్టుదుమందురా? కర్ణాటకమున బారు, భోజనశాలలకిచ్చు సీఎల్-9 లైసెన్సులను క్రొత్తగా ఇచ్చుటను 1992లో నిలిపివేసిరి. అందువలన పాత లైసెన్సు గలవారి వద్ద నుండి బదిలీ చేయించుకొనుట అక్కడ వాడుకయైనది. ఆ వెల ప్రభుత్వము నిర్ణయించినది కాదు, అమ్మువాని యిష్టము, కోట్లలో పలుకును. నాలుగెకరములు పోయి లైసెన్సు కాగితము మాత్రమే చేతికి వచ్చును.

ఈ వ్యాపారము పుట్టిన దేశమున ఎట్లున్నదో చూచుట న్యాయము. అమెరికాలో టెక్సాసు రాష్ట్రపు డాలసు నగరమున 2013లో మట్స్ కెనైన్ క్యాంటీనా యను పేరుతో ఇట్టిది తెరచిరి. నెలకింతయని చందా కట్టిన కుక్కలు లోనికి పోవును. యజమానులు పానీయములు కొందురు. 2018లో కాన్సస్ సిటీలో బార్ కే యను మరియొకటి మిక్కిలి ప్రసిద్ధి పొందినది. ఇతర నగరమునకును వ్యాపించినది. 2024 జనవరిలో అది మూతపడి దివాలా తీసినది. అదే నెలలో మేరీల్యాండు రాష్ట్రమున పుట్టిన బార్క్ సోషల్ అనునదియు అట్లే మూతపడినది. కుక్కలను కన్నబిడ్డలవలె పెంచు సంపన్నదేశముననే ఇట్టి ఆటుపోటులు గలవన్న మాట. ఆరుబయలు వ్యాపారమునకు వాన వచ్చిన ఒక కష్టము, మంచు కురిసిన ఒక కష్టము. అక్కడి మంచునకు మారు మనకు ఏప్రిలు, మే నెలల యెండ. ఆ యెండలో మిట్టమధ్యాహ్నము రాతినేలపై నడిచిన కుక్క పాదములు కాలును.

అయినను అమెరికావారి యొద్ద నుండి గ్రహింపదగిన మంచి యొకటి కలదు. అక్కడ పేరు కౌలుకిచ్చువాడు ఒప్పందముపై సంతకము చేయించుకొనుటకు కనీసము 14 దినములు ముందుగా, 23 అంశములు గల వివరణపత్రము నీయవలెనని కేంద్రప్రభుత్వపు నిబంధన. మొత్తము పెట్టుబడి కనిష్ఠ, గరిష్ఠ అంచనా, కంపెనీ మీద నున్న దావాలు, ఎన్ని శాఖలు తెరచిరి, ఎన్ని మూసిరి, పాత కౌలుదారుల వివరములు, ఇవన్నియు అందుండవలెను. మన దేశమున ఇట్టి ప్రత్యేక చట్టము లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. అనగా అడిగినవారికి చెప్పుదురు. అడుగనివారికి బొమ్మలు చూపుదురు. ఆ రంగుల పుస్తకమున నలువది పుటలు గలవు. వానిలో మూతపడిన శాఖల ప్రస్తావన ఒక్కచోటను లేదు. నేను రెండుమార్లు వెదకితిని.

ఇప్పుడు చేవ్రాలు సంగతి. పెద్దలు చెవియొగ్గి వినవలసిన భాగ మిదియే. మనుమని యప్పునకు తాతగారు జామీను నిలుచుట మన యిండ్లలో మర్యాదగా భావింపబడుచున్నది. ‘వాడు కట్టకపోతే గదా’ అందుము. కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, ఒప్పందమున వేరుగా వ్రాసికొననియెడల, జామీనుదారుని బాధ్యత అప్పుదారుని బాధ్యతతో సమానము. బ్యాంకువారు మొదట మనుమనిని అడిగి, తరువాత తాతను అడుగవలెనను నియమము లేదు. ఇరువురిలో ఎవరికి ఆస్తి యున్నదో వారినే అడుగవచ్చును. ఆస్తి యెవరికున్నదో బ్యాంకువారికి తెలియును.

మరియొక సూక్ష్మము. 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద బ్యాంకువారు అరువది దినముల నోటీసిచ్చి, సివిలు కోర్టునకు పోకయే తాకట్టు ఆస్తిని స్వాధీనపరచుకొని అమ్మవచ్చును. అయితే సేద్యపు భూమిపై పెట్టిన తాకట్టునకు ఆ చట్టము వర్తింపదని 31వ సెక్షనులో మినహాయింపు కలదు. రైతునకు అది రక్షణకవచము. కాని కుక్కల తోటకును బారునకును కట్టడములు కట్టినచో, భూమి సేద్యేతరమగును. అట్లైన దినముననే ఆ కవచము విడిచి పెట్టినట్లు. మహాభారతమున కర్ణునకు కవచము విలువ తెలిసియే దానము చేసెను. మన రైతు తెలియక చేయుచున్నాడు.

అద్దె స్థలమున పెట్టువారికి వేరొక చిక్కు. సంవత్సరమునకు మించిన అద్దెపత్రము 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము రిజిస్టరు కావలెను. ఖర్చు తప్పించుకొనుటకు పదునొకండు నెలల పత్రములు వ్రాసికొనుట మన వాడుక. పేరు కౌలు పదియేండ్లు, బారు లైసెన్సు మూడేండ్లు, అద్దె పత్రము పదునొకండు నెలలు. ఈ మూడింటిలో ఏది మొదట తీరినను మిగిలినవి నిలుచును; కంచె, పచ్చిక, జంటద్వారములు స్థలము యజమాని పాలగును. ఒప్పందము నడుమ విడిచిపెట్టిన యెడల మిగిలిన సంవత్సరముల రాయల్టీ చెల్లింపవలెనను షరతు గూడ ఆ పుస్తకమున చిన్న యక్షరములలో గలదు.

నేను తాతగారికి ఈ లెక్కలన్నియు ఒక తెల్లకాగితముపై తెలుగున వ్రాసి యిచ్చితిని. మనుమనికి చూపుమని చెప్పితినే గాని, వలదని చెప్పుమనలేదు. యువకుల యుత్సాహమును ఎగతాళి చేయుట పెద్దరికము కాదు. ఆయన రాత్రి ఆ కాగితమును మనుమని చేతికిచ్చి, “నాయనా, అయ్యవారు రాసినాడు. తప్పుంటే నువ్వే దిద్దు” అనిరట. కుర్రవాడు రెండుగంటలసేపు తన కంప్యూటరు ముందుంచుకొని లెక్క దిద్దినాడట. ఒక చోట నేను వేసిన నీటి లెక్క తక్కువయని, తోట శుభ్రము చేయు నీటిని నేను కలుపలేదని చెప్పినాడు. వాని మాట నిజమే. నేను పచ్చికకు మాత్రమే లెక్క వేసితిని.

తరువాత ఆతడే ఒక పని చేసినాడు. వరుసగా రెండాదివారములు హిందూపురమున పశువైద్యునివద్దకు కుక్కలను తెచ్చువారిని కూర్చుండి లెక్కించినాడు. బెంగుళూరులో తన తోడి యుద్యోగులను గూడ అడిగినాడు. తోటకు వచ్చి త్రాగుదుమన్నవారు కొద్దిమంది. ఊరికి పోవునపుడు కుక్కను ఎవరివద్ద విడువవలెనో తెలియక బాధపడుచున్నామన్నవారు మాత్రము చాలమంది. సంక్రాంతికి, దసరాకు, పెండ్లిండ్లకు వారమేసి దినములు కుక్కను ఉంచుకొనువారు కావలెనట. ఇది కుక్కలకు సత్రము వంటిది. దీనికి బారు లైసెన్సు అక్కరలేదు, పేరు కౌలు అక్కరలేదు. బెంగుళూరు సుమారు నూరు కిలోమీటర్లు.

ఇందును ఖర్చులు లేకపోలేదు. టీకాల కాగితములు, పశువైద్యుని రాకపోకలు, రాత్రి కాపలా, స్థానిక సంస్థ యనుమతి, ఒకని కుక్క పారిపోయిన యెడల చెల్లింపవలసిన పరిహారము, ఇవియన్నియు గలవు. పండుగలు కాని నెలలలో గదులు వట్టివిగా నుండును. అయినను మొదలు పెట్టుటకు ఎకరము పచ్చిక యక్కరలేదు; చింతచెట్ల నీడ కలదు, ఉన్న బోరు చాలును. తాతగారు అర ఎకరము వాడుకొనుమని నోటిమాటగా ఒప్పుకొనిరి. కాగితముపై చేవ్రాలు మాత్రము పెట్టనని ఖండితముగా చెప్పిరి. మనుమడు మొదట కొంత చిన్నబుచ్చుకొనెను. తన మూడు నెలల జీతముతోనే పది కుక్కలకు సరిపడునంత మొదలుపెట్టెదనని ఇప్పుడనుచున్నాడు. ఆరడుగుల ఎత్తు తీగెకంచె అడుగు వెల యెంతయో కనుగొనుటకు మొన్నటి యాదివారము హిందూపురము పోయి, మూడు అంగళ్లలో ధరలు వ్రాసికొని వచ్చినాడు.